బటన్ నొక్కింది మన చెయ్యే కదా: గేమ్‌లో మీరు ఆగిపోయిన చోటు చెప్పండి

కాలవగట్టు | శుక్రవారం, రాత్రి 11:48

కథ బయటపెట్టే స్పాయిలర్లు ఉంటాయి. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాకు ఈత నేర్పింది మా అన్నయ్య. బందరు కాలవకి నీళ్ళు వదిలిన కొత్తల్లో, నా నడుముకి ఎండు సొరబుర్ర కట్టి, "నేనున్నాగా, దూకరా" అని తోసేశాడు. ఇప్పుడు మేమిద్దరం మాట్లాడుకోక నాలుగేళ్ళు. నాన్న పోయాక ఇంటి పంపకాల దగ్గర మొదలైంది. వివరాలు వద్దులెండి, ఎవరింట్లో లేని గొడవ?

పోయిన వారం ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ సేల్‌లో చవగ్గా దొరికితే కొన్నాను. 2013 నాటి గేమ్. స్వీడన్‌లో స్టార్‌బ్రీజ్ అనే కంపెనీ చేసింది. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినాయన. కథ మా అమ్మమ్మ అన్నం కలుపుతూ చెప్పేదంత చిన్నది. తండ్రికి జబ్బు చేస్తుంది, ఇద్దరు కొడుకులు జీవవృక్షం నీళ్ళు తేవడానికి బయల్దేరతారు. అంతే. వాళ్ళు మాట్లాడే భాష కూడా లోకంలో లేని భాష, ఒక్క ముక్క అర్థం కాదు.

కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ అన్న, కుడి స్టిక్ తమ్ముడు. ఇద్దరినీ ఒక్కడే నడపాలి. మొదటి అరగంట ఇద్దరూ చెరోవైపు పోయి గోడలకి గుద్దుకుంటుంటే నాకు నవ్వాగలేదు. చిన్నోడికి నీళ్ళంటే భయం, తల్లి వాడి కళ్ళముందే మునిగిపోయింది. అందుకని నీళ్ళొచ్చిన చోటల్లా అన్న ఈదుతాడు, తమ్ముడు అన్నని పట్టుకుని వేలాడతాడు. అంటే నా ఎడమ చెయ్యి ఈదుతుంటే కుడి చెయ్యి ట్రిగ్గర్ (కంట్రోలర్ వెనకుండే బటన్, అన్నకొకటి, తమ్ముడికొకటి) వదలకుండా పట్టుకుని ఉండాలి.

చివర్లో అన్న చనిపోతాడు. వాణ్ణి గుంటలోకి లాగి మట్టి కప్పేది కూడా మనమే. ఆ తర్వాత చిన్నోడు నీళ్ళసీసా పట్టుకుని ఒంటరిగా ఇంటికి తిరిగొస్తాడు. నా ఎడమ చేతికి పని లేదు. ఊరి దగ్గరికొచ్చేసరికి వాన, వరద. దాటాలి. కుడి ట్రిగ్గర్ నొక్కితే వాడు నీళ్ళకేసి చూసి ఆగిపోతాడు. నేను నొక్కుతూనే ఉన్నాను, గేమ్ పాడైందేమో అనుకున్నాను. ఎందుకో ఎడమ ట్రిగ్గర్ నొక్కాను. అది అన్నయ్య బటన్. అన్న లేడు.

వాడు దిగాడు. ఈదాడు.

ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి సరిపోయింది. మీకూ ఇట్లాంటిది జరిగి ఉంటే రాయండి. ఫలానా గేమ్ కథ సూపర్ అని వద్దు. ఆ ఒక్క చోటు చెప్పండి చాలు.


మిరపబజ్జీ | శనివారం, ఉదయం 8:15

అన్నా, ఇది ఆఫీసు బస్సులో చదివాను. పక్కాయన "ఏమైంది బాబూ" అని అడిగాడు. దుమ్ము అని చెప్పాను. ఏసీ బస్సు.


లెక్కలమాస్టారు | శనివారం, ఉదయం 9:40

బావుంది కానీ, చెయ్యి గురించి మీరు చెప్పేది నాకు పూర్తిగా ఎక్కలేదు.

‘ది లాస్ట్ ఆఫ్ అస్’ కూడా 2013లోనే వచ్చింది. మొదటి పావుగంటలో జోయల్ కూతురు సారా సైనికుడి తూటా తగిలి తండ్రి చేతుల్లో పోతుంది. నేను ఆ గేమ్ ఆడలేదు, ప్లేస్టేషన్ కొనే స్తోమత అప్పుడు లేదు. అమీర్‌పేట హాస్టల్లో ఒకడి దగ్గర ఉండేది. వాడు ఆడుతుంటే నలుగురం మంచం మీద ఒకరి మీద ఒకరు పడి చూశాం. నలుగురం ఏడ్చాం. కంట్రోలర్ ఒక్కడి చేతిలోనే ఉంది.

కాబట్టి ఏడిపించేది కథ, నటన, గుస్తావో శాంతవొలాయా గిటారు. బటన్లు టికెట్ లాంటివి, లోపలికి రానిస్తాయి, అంతే. ఇప్పటికీ నేను సగం గేమ్‌లు యూట్యూబ్‌లోనే చూస్తాను. డబ్బులు మిగులు, నడుంనొప్పి ఉండదు.


రాత్రిడ్యూటీ | శనివారం, మధ్యాహ్నం 2:05

మాస్టారు గారూ, మీకు ఒక గేమ్ చెబుతాను, దాన్ని యూట్యూబ్‌లో మాత్రం చూడకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను పిల్లల క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ళ సర్వీసు. ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ అని 2016లో ఒక గేమ్ వచ్చింది. అమెరికాలో రయన్ గ్రీన్, ఆమీ గ్రీన్ అనే భార్యాభర్తలు తమ కొడుకు జోయల్ గురించి చేశారు. ఏడాది వయసులో క్యాన్సర్ అని తెలిసింది. ఎక్కువ రోజులు బతకడన్నారు, ఐదేళ్ళు నిండాక 2014లో పోయాడు. గేమ్ అంటారు కానీ గెలవడం, ఓడటం ఏమీ ఉండదు. గదిలోంచి గదిలోకి వెళ్తూ వాళ్ళ మధ్య తిరుగుతాం.

అందులో ఒక రాత్రి ఆసుపత్రి గది ఉంటుంది. తండ్రీ బిడ్డా ఇద్దరే. బిడ్డ ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి ఏడుస్తుంటాడు. జ్యూస్ ఇస్తే కక్కేస్తాడు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు, తలని మంచం కమ్ములకేసి కొట్టుకుంటాడు. నేను మౌస్‌తో గదిలో నొక్కగలిగినవన్నీ నొక్కాను. ఏదో ఒకటి పనిచేస్తుందని నమ్మకం. ఏదీ పనిచెయ్యదు.

డ్యూటీలో నా చేతికి ఎప్పుడూ ఏదో పని ఉంటుంది. డ్రిప్ చూడాలి, టెంపరేచర్ చార్టు రాయాలి, డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. ఆ పని నన్ను కాపాడుతుందని ఆ రాత్రిదాకా నాకు తెలీదు. మంచం పక్క స్టూలు మీద కూర్చున్న తల్లికి ఆ పని లేదు. పదేపదే వచ్చి "సిస్టర్, ఒకసారి చూడండి" అంటుంటే నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ గేమ్ నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది. ల్యాప్‌టాప్ మూసేసి మర్నాటి డ్యూటీకి ముందే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడగొద్దు, అక్కడ చెయ్యడానికేం లేదు.

ఇక యూట్యూబ్ సంగతి. గేమ్ వచ్చిన రెండు నెలలకి రయన్ గ్రీన్ ఒక వ్యాసం రాశాడు. లక్షలమంది గేమ్ మొత్తాన్ని వీడియోల్లోనే చూసేశారు, అమ్మకాల మీద తమ చేతికి ఇంకా ఒక్క డాలరూ రాలేదు అని. తిట్టలేదు, చాలా మర్యాదగానే రాశాడు.


లెక్కలమాస్టారు | శనివారం, మధ్యాహ్నం 2:31

అది తెలీదండీ. కొంటాను.

(వాదన మాత్రం వదల్లేదు.)


దిబ్బరొట్టె | శనివారం, సాయంత్రం 6:20

చెయ్యి, చెయ్యి అని కొట్టుకుంటున్నారు. నా కేసులో చెయ్యి అంతసేపూ ఎంటర్ నొక్కడం తప్ప ఏమీ చెయ్యలేదు. డెబ్భై గంటలు.

విజువల్ నావెల్ అంటే తెలీనివాళ్ళకి: తెర మీద ఒక బొమ్మ, కింద డైలాగు, వెనక సంగీతం, అప్పుడప్పుడు గొంతు. ఎంటర్ కొడితే తర్వాతి వాక్యం. ఎప్పుడో ఒకచోట రెండు మూడు దారులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. అంతే ఆట. వారపత్రిక సీరియల్‌కి బొమ్మ కదిలి, మాటొచ్చినట్టు ఉంటుంది.

నాది ‘క్లానాడ్’. జపాన్‌లో కీ అనే సంస్థ 2004లో తెచ్చింది, ముఖ్య రచయిత జున్ మయెదా. ఇంగ్లీషులో స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే సైటు) మీదికి 2015లో వచ్చింది. నేను ఇంజనీరింగ్ సెకండియర్ సెలవుల్లో మొదలుపెట్టి, ఉద్యోగంలో చేరాక పూర్తిచేశాను. మధ్యలో బ్యాక్‌లాగులు ఉన్నాయి, అది వేరే కథ.

హీరో తొమొయా. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రితో ఒక గొడవలో భుజం దెబ్బతిని ఆటలకి దూరమయ్యాడు. అప్పట్నించీ తండ్రి వాణ్ణి పరాయివాణ్ణి పలకరించినట్టు మర్యాదగా పిలుస్తాడు. ఇంగ్లీషులో ఇది సరిగా తెలీదు. మనకి మాత్రం వెంటనే తగులుతుంది, కన్నకొడుకుని "మీరు" అన్నట్టు. తిట్టినా బావుండు అనిపిస్తుంది వాడికి.

తర్వాత వాడికి పెళ్ళవుతుంది, భార్య నగిసా కాన్పులో పోతుంది. కూతురు ఉషియోని అత్తామామల దగ్గర వదిలేసి ఐదేళ్ళు తాగుతూ, పనికిపోతూ బతుకుతాడు. అత్తగారు ఎలాగో తంటాలుపడి తండ్రీకూతుళ్ళని ఒక ప్రయాణానికి పంపిస్తుంది. అక్కడొక పూలతోటలో వాడి నాయనమ్మ కనిపించి మొత్తం చెబుతుంది. వాడి తండ్రి కూడా ఇదే వయసులో భార్యని పోగొట్టుకున్నాడనీ, కొడుకుని తన చేతుల మీదే పెంచాలని ఉద్యోగాలు పోగొట్టుకుంటూ, చేతిలో ఉన్న కాస్తా పిల్లాడి మిఠాయిలకీ బొమ్మలకీ పెట్టేసేవాడనీ. తనని వదిలేశాడనుకున్న నాన్న వదల్లేదు. వదిలేసింది తను.

ఐదేళ్ళ ఉషియో ఏడుపు ఆపుకుంటుంటుంది. ఏడవాలంటే బాత్రూంలో ఏడవాలి, లేకపోతే నాన్న గుండెల మీద ఏడవాలి అని అమ్మమ్మ చెప్పిందట.

నాకు ఉద్యోగం వచ్చాక మా నాన్న నన్ను "ఏరా" అనడం మానేశాడు. "ఈ పండక్కి వస్తున్నారా" అంటాడు ఫోన్లో. గౌరవం ఇస్తున్నాడులే అనుకునేవాణ్ణి, కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ తోట సీన్ దగ్గర ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను, నొక్కలేదు. నొక్కితే తర్వాతి వాక్యం వచ్చేస్తుంది.

మాస్టారూ, ఇది సినిమాలో జరగదు. సినిమా మన కోసం ఆగదు.


బుడంకాయ | శనివారం, సాయంత్రం 7:02

క్లానాడ్ ఎనిమే, అదే జపాన్ కార్టూన్ సీరియల్, ఉంది కదా బ్రో, అది చూస్తే చాలదా?


దిబ్బరొట్టె | శనివారం, సాయంత్రం 7:10

చూడు, చాలా మంచిది. కానీ నావెల్‌లో ఒక మెలిక ఉంది. మిగతా పాత్రల కథలన్నీ ఓపిగ్గా పూర్తిచేస్తే ఒక్కొక్క వెలుగు దొరుకుతుంది. అవన్నీ పోగైతేనే చివర్లో నగిసా కథ మంచి దారి పడుతుంది. నీకు నచ్చని పాత్రల కథ కూడా కూర్చుని వినాలి. పరాయివాళ్ళ కష్టం విన్నందుకు నీ ఇంటికి మేలు జరుగుతుంది. ఎనిమేలో ఆ వినే పని నీ తరఫున వాళ్ళే చేసిపెడతారు.

‘స్టైన్స్;గేట్’ (2009) కూడా ఇంతే. హీరో స్నేహితురాలు మయూరిని బతికించాలంటే గతంలోకి పంపిన మెసేజ్‌లు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకోవాలి. ఫెయ్‌రిస్ అనే అమ్మాయి తన మెసేజ్‌తో చనిపోయిన తండ్రిని బతికించుకుని ఉంటుంది. అది రద్దు చేయించేది మనమే. తెర మీద ఒక పాత సెల్‌ఫోను, ఒక మెసేజ్. ఆ అమ్మాయి ఒప్పుకుంటుంది, అదీ కష్టం.


మందులచీటి | శనివారం, రాత్రి 10:30

అందరూ నాజూకు గేమ్‌లు చెప్పిన్రు, నేను గుర్రాలు, తుపాకుల గేమ్ చెప్త. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’, 2018.

నేను వరంగల్ దిక్కు ప్రభుత్వ దవాఖానలో ఫార్మసిస్ట్‌ని. టీబీ మందులు నా కౌంటర్ దగ్గరే ఇస్తాం. గేమ్ మొదట్లోనే హీరో ఆర్థర్ మోర్గాన్‌కి ఒక పని అప్పజెప్తరు, అప్పు వసూలు. బాకీ పడ్డోడు థామస్ డౌన్స్, బక్కచిక్కిన రైతు, ఒకటే దగ్గు. వాణ్ణి కొట్టాలి. నేను కొట్టిన. గేమ్ చెప్పింది కదా, కొట్టకుండా ముందటికి పోదు. వాడు దగ్గుతే రక్తం ఆర్థర్ మొహం మీద పడ్తది. దాన్ని నేను గమనించిన కూడా, ఉద్యోగమే అది నాకు. గమనించి, మాస్కు లేదు వీనికి అనుకుని నవ్వుకున్న.

ఆ తర్వాత నలభై గంటలు వేట, చేపలు, గుర్రానికి బ్రష్. అప్పుడు ఆర్థర్‌కి దగ్గు మొదలైతది. ఒకనాడు సెయింట్ డెనిస్ వీధిలో కూలబడ్తడు, డాక్టర్ టీబీ అని చెప్తడు.

కథ నడిచేది 1899లో. రాబర్ట్ కాక్ అనే డాక్టర్ ఆ క్రిమిని కనుక్కున్నది 1882లో. అంటే ఆ డాక్టర్‌కి జబ్బు పేరు తెలుసు, కారణం తెలుసు, ఇచ్చేటందుకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చింది 1940లల్ల. ఇయ్యాల మా కౌంటర్ దగ్గర అదే జబ్బుకి ఆరు నెలల కోర్సు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు, పైసా తీసుకోం. అయినా రెండో నెలకి ఒళ్ళు కుదుటపడంగనే కొందరు రావుడు బంద్ చేస్తరు. ఫోన్ చేస్తే తియ్యరు. నాకు కోపమొస్తుండె.

ఆర్థర్ రైల్వే స్టేషన్‌లో ఒక సన్యాసినితో కూర్చుని, నాకు భయమైతున్నది అని చెప్పే సీన్ ఉంది. అంత పెద్ద మనిషి. దాని తర్వాత నుంచి కోర్సు మధ్యలో ఆపినోళ్ళకి ఫోన్ చేసినప్పుడు మొదటి మాటే మందుల గురించి అడుగుతలేను. ముందుగాల అన్నం తింటున్నవా అని అడుగుత.


బుడంకాయ | శనివారం, రాత్రి 10:41

అన్నా నేను నాలుగో చాప్టర్‌లో ఉన్నా!!! ఆర్థర్‌కి టీబీనా???


కాపలాదారు (నిర్వాహకుడు) | శనివారం, రాత్రి 10:55

మొదటి పోస్టు మొదటి లైనులోనే హెచ్చరిక ఉంది తమ్ముడూ. పైగా గేమ్ 2018ది. ఇక నుంచి అందరూ పోస్టు మొదట్లోనే గేమ్ పేరు రాయండి, అంతవరకు చెయ్యగలం.


మందులచీటి | శనివారం, రాత్రి 11:03

సారీ తమ్మీ. ఇంకా చాలా ఉంది, ఆడు. గుర్రాన్ని మంచిగ చూసుకో.


డాలస్ పిన్ని | ఆదివారం, ఉదయం 7:50

గేమ్ పేరు: ‘వెన్బా’, 2023.

నేను గేమ్‌లు ఆడే మనిషిని కాదు. ఈ వేదికలో వంటల విభాగంలో ఉంటాను, దారి తప్పి ఇటు వచ్చాను. అయినా రాస్తాను.

పోయిన థాంక్స్‌గివింగ్‌కి కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి లోపలి నుంచి కేకేసింది, "అమ్మా, ఇడ్లీ ప్లేట్లు ఎట్లా పేరుస్తారు?" అని. ఇడ్లీ పెడుతోందేమోనని ఆశ్చర్యపోయి వెళ్తే టీవీ ముందు కూర్చుని ఉంది. టొరంటోలో విసై గేమ్స్ అని చిన్న సంస్థ చేసిందట. 1980లలో కెనడా వెళ్ళిన తమిళ దంపతులు, వాళ్ళ కొడుకు కవిన్. వెన్బా అనేది తల్లి పేరు. అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న పాత వంటపుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. పోయిన మాటల్ని ఊహించి వంట పూర్తిచెయ్యడమే ఆట. గంటన్నరలో అయిపోయింది.

కింది గుంట మీద పై గుంట పడకుండా పేర్చు, ఆవిరి తగలాలి అని చెప్పాను. పనిచేసింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆడాం, అంటే అది ఆడింది, నేను పక్కన కూర్చుని తప్పులు పట్టాను.

మధ్యలో ఒక వంట వస్తుంది. కొడుకు ఇంటికొస్తున్నాడని వెన్బా ఒక్కదానివల్లా కానంత వంట చేస్తుంది. ఆ తరిగేదీ, పోపు పెట్టేదీ మొత్తం మా అమ్మాయి చేత్తోనే చేయించింది గేమ్. కొడుకు రాడు. మా అమ్మాయి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూడలేదు. పోయిన దసరాకి నేను గారెలు, పులిహోర, చక్రపొంగలి చేసి కూర్చుంటే ఏదో ప్రాజెక్టు అని రాలేదు. నేనేమీ అనలేదప్పుడు. ఇప్పుడూ అనలేదు.

పెద్దయ్యాక కవిన్ తల్లి వంటపుస్తకం చూసి వండుకోబోతే తమిళం సరిగా చదవలేక తంటాలు పడతాడు. ఆ రాత్రి మా అమ్మాయి మా అమ్మ నోటుపుస్తకం అడిగింది. ఆవకాయ పేజీ తీసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివి, "గిద్ద అంటే ఎన్ని గ్రాములు?" అంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని ఏకరువు పెట్టాను. "గ్రాములమ్మా" అంది మళ్ళీ. నాకూ తెలీదు. ఆవపిండికి ఒకలా, ఉప్పుకి ఒకలా తూగుతుంది కదా. అమ్మ ఉండి ఉంటే గిద్ద చేతిలో పెట్టేది.

మీ పోస్టుల్లో చెయ్యి, చెయ్యి అంటుంటే ఇది గుర్తొచ్చింది.


మిరపబజ్జీ | ఆదివారం, ఉదయం 8:30

పిన్నిగారూ, ఆ పేజీ ఫొటో వంటల విభాగంలో పెట్టండి, దండం పెడతాం.

ఫోన్లో ఆడగలిగేవి ఏమైనా ఉన్నాయా? మాకు ల్యాప్‌టాప్ అంటే ఆఫీసువాళ్ళదే.


నీలిరంగుడబ్బా | ఆదివారం, ఉదయం 10:12

‘ఫ్లోరెన్స్’. 2018, ఆస్ట్రేలియాలోని మౌంటెన్స్ అనే స్టూడియోది. అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఫ్లోరెన్స్ అనే అమ్మాయికీ, క్రిష్ అనే సెల్లో వాయించే అబ్బాయికీ ప్రేమ, అబ్బాయి మనవాడే.

మాటలు దాదాపు ఉండవు. మొదటిసారి కలిసినప్పుడు వాళ్ళ సంభాషణ జిగ్‌సా ముక్కల్లా వస్తుంది, చాలా ముక్కలు పేర్చితే ఒక మాట. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గిపోతాయి, చివరికి ఒకటే ముక్క, పెట్టాల్సిన పనే లేదు. వాడు ఇంట్లోకి మారినప్పుడు వాడి సామానుకి చోటివ్వడానికి ఆమె అలమరలోంచి ఏవి తీసెయ్యాలో మనమే వేలితో తీస్తాం. నేను ఆమె సామాన్లే తీసేశాను, అన్నీ. ఎవరూ చెప్పలేదు. విడిపోయాక వాడివి డబ్బాలో సర్దుతుంటే అర్థమైంది ఏం చేశానో.

నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఇంట్లో నా పుస్తకాలు మంచం కింద ఉన్నాయి. మొన్న శనివారం పైకి తీశాను.


ఉప్పునీళ్ళు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

‘స్పిరిట్‌ఫేరర్’, 2020. చనిపోయినవాళ్ళని పడవ మీద తిప్పి, వాళ్ళ చివరి కోరికలు తీర్చి, ఒక ద్వారం దగ్గర కావిలించుకుని సాగనంపే ఆట. దాదాపు ప్రతివాళ్ళకీ ఆ వీడ్కోలు ఉంటుంది.

అతుల్ అని ఒక కప్ప వస్తాడు, మనం నడిపే అమ్మాయి స్టెల్లాకి మామయ్య వరస. ఎప్పుడూ నవ్వుతాడు, ఏం పెట్టినా తింటాడు. అందరూ కలిసి తినే పెద్ద భోజనం కావాలన్నాడు, వండాను. మర్నాడు లేచేసరికి లేడు. పడవంతా వెతికాను. ద్వారం దగ్గరికి తీసుకెళ్ళమని అడగనే లేదు. వాడి గదిలో పువ్వు ఒక్కటే ఉంది.

2021 మే నెలలో మా పెద్దనాన్నని అంబులెన్స్ ఎక్కించాం. చెప్పులు వేసుకుంటూ, "రాత్రికి పప్పుచారు పెట్టించరా, ఆసుపత్రి తిండి తినలేను" అన్నాడు. ఆ తర్వాత మాకు చూపించలేదు.

ఆ గేమ్ పూర్తిచెయ్యలేదు. అతుల్ లేని పడవ అలాగే సేవ్‌లో ఉంది.


రాత్రిడ్యూటీ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఉప్పునీళ్ళు గారూ, ఆ నెల్లో డ్యూటీలో ఉన్నాను. ఇంకేమీ రాయలేకపోతున్నాను.


గుడ్డిదీపం | ఆదివారం, సాయంత్రం 5:05

వాతావరణం బరువెక్కింది, నా సంగతి కాస్త నవ్వుగా ఉంటుంది.

‘బిఫోర్ యువర్ ఐస్’, 2021. వెబ్‌క్యామ్‌తో ఆడతారు. మనం రెప్ప వేస్తే కథలో కాలం ముందుకి దూకుతుంది. అమ్మ ఒళ్ళో కూర్చుని ఉన్నావు, రెప్ప పడితే బడిలో ఉన్నావు. ఇంకాసేపు ఉండాలంటే కళ్ళు తెరుచుకునే ఉండాలి. నాకు కాంటాక్ట్ లెన్సులు, పైన ఫ్యాను ఫుల్ స్పీడు. నా బాల్యం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ ఏదో ముఖ్యమైన మాట చెప్పబోతుంటే రెప్ప, సగం మాట పోయింది. ఇంకోసారి రెప్ప, మిగతా సగం పోయింది. ఫ్యాను ఆపి, లెన్సులు తీసేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అప్పుడు తెర మసగ్గా ఉంది.

రెప్పపాటు అనే మాట చిన్నప్పట్నించీ వాడుతున్నాను. దానికి ఒక కొలత ఉందని అప్పుడే తెలిసింది. చివర్లో గేమ్ కళ్ళు మూసుకోమంటుంది, మూసుకుని వినమంటుంది. అంతసేపూ తెరవడానికి తన్నుకున్నవాణ్ణి, మూసుకోమంటే మూసుకోబుద్ధి కాలేదు.

ఒక బాధ మాత్రం ఉంది. ఇవన్నీ ఆడి ఏడ్చినా ఇంగ్లీషులోనే ఏడవాలి. దిబ్బరొట్టె చెప్పిన ఆ "మీరు" ముక్క తెలుగులో ఎవరైనా రాస్తే ఎట్లా ఉంటుందో.


దిబ్బరొట్టె | ఆదివారం, సాయంత్రం 5:30

విజువల్ నావెల్ చెయ్యడానికి రెన్‌పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు ఒత్తులు తెర మీద సరిగ్గా కూర్చోవడం దగ్గర నేను ఒకసారి ఓడిపోయాను. మళ్ళీ మొదలుపెడతా, తోడెవరైనా ఉంటే చెప్పండి.


లెక్కలమాస్టారు | తర్వాతి శుక్రవారం, రాత్రి 9:20

వారం టైమ్ తీసుకున్నాను. రెండూ కొని ఆడాను.

రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పిన గది దగ్గర నేను బయటికొచ్చేశాను. మా పాపకి మూడేళ్ళు. తిరిగి వెళ్తానో లేదో తెలీదు.

‘బ్రదర్స్’ మాత్రం పూర్తిచేశాను. ఎడమ ట్రిగ్గర్ సంగతి ఇక్కడ ముందే చదివేశాను కాబట్టి ఆ చోట నాకేమీ అనిపించలేదు. నిజం చెబుతున్నా. నా చెయ్యికి జవాబు ముందే తెలుసు. కాబట్టి నాది సగం ఓటమి, సగం గెలుపు అని రాసుకోండి.

కానీ దారిలో అక్కడక్కడా రాతిబల్లలుంటాయి. ఇద్దర్నీ కూర్చోబెడితే కూర్చుని ఎదురుగా ఉన్న కొండల్ని చూస్తారు. దానివల్ల కథకేమీ లాభం లేదు. లెమ్మనే వరకు లేవరు. అన్న పోతాడని నాకు తెలుసు కదా. బల్ల కనిపించిన ప్రతిచోటా కూర్చోబెట్టాను. ఒకచోట కంట్రోలర్ పక్కన పెట్టి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చాను. ఇద్దరూ అలాగే ఉన్నారు.

యూట్యూబ్‌లో చూసుంటే ఆడేవాడు లేచి వెళ్ళిపోయేవాడు. సరే.


కాలవగట్టు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:10

బల్లల దగ్గర నేను ఒక్కచోట కూడా కూర్చోలేదు మాస్టారూ. పరిగెత్తాను.

మొన్న అన్నయ్యకి ఆ గేమ్ గిఫ్టుగా పంపాను. మెసేజ్ ఏమీ రాయలేదు, రాయడం మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేశాను. రెండ్రోజులు ఏమీ లేదు. వాడు గేమ్‌లు ఆడి పదిహేనేళ్ళు దాటింది, చివరిసారి ఆడింది నెట్ సెంటర్లో, గంటకి పదిహేను రూపాయలు, నా డబ్బులతో.

ఇందాక మెసేజ్ వచ్చింది. నాలుగేళ్ళకి. ఆట మొదట్లో జబ్బుపడ్డ తండ్రిని బండి మీద పడుకోబెట్టి, అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టుకుని వైద్యుడి దగ్గరికి తోసుకెళ్ళాలి. అక్కడున్నాడు. కీబోర్డు మీద ఆడుతున్నాడు.

"నాన్న బండి ఊరికే గోడకి గుద్దుతోందిరా. రెండు చేతులూ ఒకేసారి ఎట్లా తిప్పాలి?"

కంట్రోలర్ కావాలన్నాను. ఆర్డర్ పెట్టానన్నాడు. మంగళవారం వస్తుందట.